ఉమ్మడి నెట్టు

పుంగనూరులో మా అత్తగారింట్లో నెట్టు నెమ్మదిగా రావడానికి నాకు చెప్పిన కారణాలన్నీ రాసుకుంటూ పోతే ఒక నోటుబుక్కు నిండుతుంది. వాన అన్నారు. వాన లేనప్పుడు ఎండ అన్నారు. కోతులు స్తంభం మీద తీగ లాగినాయన్నారు. నా లాప్‌టాప్ పాతదన్నారు, కొత్తది కొన్నాక నాకు వాడడం తెలీదన్నారు. పదకొండు నెలలు ఆ కారణాలన్నిటినీ నమ్మి, ఒక్కోదాన్నీ సరిచేసుకుంటూ పోయాను. నమ్మినందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మంట.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. పుంగనూరు చివర ఒకే కాంపౌండు గోడలో మూడు పోర్షన్లు. ఎడమవైపు బావగారిది, నడిమిది మాది, కుడివైపు మా మరిదిది. గేటు ఒకటి, బోరు ఒకటి, మేడ మీద నీళ్ళ ట్యాంకు ఒకటి. మామగారు నెలకొక కొడుకు దగ్గర తింటారు. వాళ్ళ సొంతూరు అక్కడికి దగ్గర్లోనే ఉన్న మెట్ట ఊరు. అక్కడి భూమిలో ఇప్పటికీ ఉమ్మడి బావి ఉంది. మామగారికీ ఆయన అన్నదమ్ములకీ ఆ బావి నీళ్ళకు రోజు మార్చి రోజు వంతులు. ఎవరి వంతు రోజు వాళ్ళే మోటరు వేసుకోవాలి, ఇంకొకరు స్టార్టరు మీద చెయ్యి వెయ్యకూడదు. అవసరం పడితే అన్న వంతు తమ్ముడికి ఇస్తాడు, తమ్ముడిది అన్న అడిగి తీసుకుంటాడు. ఈ వంతుల వల్లే తమ ఇంట్లో ఇన్నేళ్ళూ కొట్లాట రాలేదని మామగారు ఎవరొచ్చినా చెబుతారు. నా పెళ్ళిచూపుల్లో కూడా చెప్పారు.

ఇంటికి ఫైబర్ నెట్టు వచ్చినప్పుడు ముగ్గురికీ కలిపి ఒకటే కనెక్షన్ తీసుకున్నారు. దాని డబ్బా, అదే రౌటరు, బావగారి పోర్షన్‌లో ఫ్రిజ్ మీద పెట్టారు. ఆ రోజు మధ్యాహ్నమే మామగారు ముగ్గురు కొడుకుల్నీ వరండాలో కూర్చోబెట్టి దానికీ వంతులు వేశారు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పెద్దాయనది, అక్కణ్ణుంచి రాత్రి ఏడింటి దాకా మాది, ఆ తర్వాత చిన్నవాడిది. నాకు నవ్వాగలేదు. మామా, ఇది బావి కాదు, తోడితే అడుగంటేది కాదు అని చెప్పబోయాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "యాడైనా ఒకటేనమ్మా. ఒకరు గట్టిగా లాగితే ఇంకొకరికి తగ్గిపోతాది" అన్నారు. అందులో తప్పేమీ లేదు, అదే నాకు చిరాకు. పైగా సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా నాకు కావలసిన సమయమే మా వంతులో పడింది. నోరు మూసుకున్నాను.

ఆ మూడు గంటలు నాకెందుకో చెప్పాలి. నేను మదనపల్లెలో పుట్టాను, అక్కడే లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను, రెండేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో చెప్పాను. పెళ్ళయ్యాక ఎనిమిదేళ్ళు ఏమీ చెయ్యలేదు. ఏమీ అంటే వంట, బట్టలు, వడియాలు, ముగ్గురి చుట్టాలకూ కాఫీలు. ఎనిమిదేళ్ళ తర్వాత ఒక ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీ నాకు మూడు సార్లు డెమో పెట్టి, తొమ్మిది పది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పే పని ఇచ్చింది. ఆ డెమోలు అమ్మ వాళ్ళింట్లో కూర్చుని చెప్పాను. ఉద్యోగం వచ్చిందని మెసేజ్ చూసి బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. అంత సంతోషం నాకు పెళ్ళిరోజున కూడా లేదు, ఎవరేమనుకున్నా సరే.

ఆ కంపెనీలో ఒకే ఒక షరతు గట్టిది. క్లాసు మధ్యలో తెగకూడదు. తెగిన ప్రతిసారీ పిల్లలు ఇచ్చే మార్కు తగ్గుతుంది. మార్కు తగ్గుతూ పోతే బ్యాచి తీసి ఇంకొకరికి ఇచ్చేస్తారు. మనం ఎంత బాగా చెప్పినా ఆ లెక్క మారదు.

మొదటి వారం బాగా నడిచింది. రెండో వారం నుంచి మొదలైంది. నేను త్రికోణమితి చెబుతూ ఉంటాను, ఉన్నట్టుండి పిల్లలంతా బొమ్మల్లా నిలబడిపోతారు. కాసేపటికి ఒక గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది. "మేడమ్, ఆగిపోయినారు." నేను ఆగలేదు, నోరెండిపోయేలా చెబుతూనే ఉన్నాను, వాళ్ళకు చేరలేదు. ఒక పిల్లవాడు వాళ్ళ తెర ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. ఒక కన్ను మూసి, నోరు సగం తెరిచి, పెన్ను పైకెత్తి నేను. అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వే బొమ్మ ఒకటి పెట్టి, లాప్‌టాప్ మూసి, వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు కోసుకున్నాను.

ఇక బాగుచెయ్యడం మొదలుపెట్టాను. మొదట డబ్బా మీద మా తోడికోడలు వేసిన గుడ్డ తీయించాను. దుమ్ము పడకూడదని అల్లిక పని చేసి, చుట్టూ పూసలు కుట్టి, దేవుడి పటానికి వేసినట్టు వేసింది. తియ్యమంటే రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత డబ్బా ఫ్రిజ్ మీద ఉండకూడదని ఎక్కడో చదివి, దాన్ని మా పోర్షన్‌కూ బావగారి పోర్షన్‌కూ మధ్య గోడకు ఎత్తున బిగించాలన్నాను. మా ఆయన కాదనలేదు. ఆయనది డ్రిప్పు సామాన్ల అంగడి. పైపులు, వాల్వులు, డ్రిల్లింగు మిషను, నిచ్చెన అన్నీ ఉన్నాయి. ఒక ఆదివారం పొద్దున నేను నిచ్చెన ఎక్కి ఎక్కడ బాగుంటుందో చూస్తుంటే ఆయన కింద నిచ్చెన పట్టుకున్నాడు. గోడకు తూట్లు పొడిచాం, తీగ లాగాం. క్లాసు మళ్ళీ తెగింది.

కంప్లైంటు పెట్టాను. కేబులాయన వచ్చి తన ఫోనులో చూసి లైను బ్రహ్మాండంగా ఉందన్నాడు. నిజంగానే ఆయన ఫోనులో వీడియో పరుగెత్తింది. మా ఆయన ఫోనులోనూ పరుగెత్తింది. నా లాప్‌టాప్‌లో మాత్రం గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. లాప్‌టాప్ ముసలిదయిపోయిందని కేబులాయనా, మా ఆయనా, బావగారూ ఏకగ్రీవంగా తేల్చారు. అమ్మ వాళ్ళింట్లో ఇదే బాగా నడిచింది కదా అన్నాను. మదనపల్లె పెద్ద టౌను, ఆడి కథ వేరు అన్నాడు మా ఆయన. పుంగనూరును ఒక్క మాట అననివ్వని మనిషి ఆ రోజు అంత సులభంగా ఒప్పుకున్నాడేమిటా అని నాకు తట్టలేదు.

మదనపల్లె వెళ్ళి కొత్త లాప్‌టాప్ కొన్నాం. నా బంగారు గాజులు రెండు బ్యాంకులో పెట్టాను. కొత్తది నాలుగు రోజులు గుర్రంలా నడిచింది. ఐదో రోజుకు మళ్ళీ అదే. కొత్తవన్నీ మొదట అట్లే ఉంటాయి అన్నారు ఇంట్లో. తర్వాత కొత్త రౌటరు కొన్నాం, అదీ మదనపల్లెలోనే. బస్టాండు దగ్గర అంగట్లో రెండు కొమ్ములదీ నాలుగు కొమ్ములదీ చూపిస్తే, మా ఆయనే నాలుగు కొమ్ములది తీసుకుందామన్నాడు. నల్లది వద్దు, తెల్లది గోడకు బాగుంటుందని కూడా చెప్పాడు. వచ్చేటప్పుడు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మార్కెట్‌యార్డు దగ్గర టమోటా లారీలు అడ్డమొచ్చి బస్సు ఆగిపోతే, ఎప్పుడు ఇల్లు చేరతామా అని నేను కూర్చున్న చోటే ఊగిపోయాను. ఆయన నన్ను చూసి నవ్వాడు. ఆ కొత్త డబ్బా రెండు రోజులు బాగా పనిచేసింది.

అప్పటికి కంపెనీ నుంచి రెండు హెచ్చరికలు వచ్చాయి. మా సూపర్‌వైజరు మంచి మనిషే. ఫోను చేసి, మీ పాఠం బాగుంటుందని పిల్లలే చెబుతున్నారు, కానీ సగం పాఠం వాళ్ళకు చేరడం లేదు, ఏదో ఒకటి చెయ్యండి మేడమ్ అంది. చెయ్యడానికి ఇంకేం మిగల్లేదు. మదనపల్లె పక్కన అంగళ్ళు అనే ఊళ్ళో ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో పనిచేసే నా పాత క్లాస్‌మేటుకు ఫోను చేశాను. ఆదివారం వస్తానంది.

ఆమె వచ్చిన రోజు మా ఆయన వి.కోట దగ్గర ఎవరి తోటకో డ్రిప్పు బిగించడానికి వెళ్ళాడు. ఆమె నా లాప్‌టాప్ ముందు కూర్చుని, రౌటరు లోపలి పేజీ తెరవాలి, దాని పాస్‌వర్డు చెప్పమంది. వైఫై పాస్‌వర్డు చెప్పాను. అది కాదు, దీనికి వేరే ఉంటుంది, డబ్బా అడుగున అచ్చువేసింది ఎవరో మార్చేశారంది. దానికి ఇంకో తాళం ఉందనే నాకు తెలీదు. మా ఆయన అన్నిటికీ పెట్టే నంబరు ఒకటుంది, ఆయన బండి నంబరు. అది కొట్టి చూడమన్నాను. తెరుచుకుంది.

ఇంట్లో ఉన్న ఫోన్లూ టీవీలూ అన్నీ అక్కడ వరసగా పేర్లతో కనబడ్డాయి. బావగారి ఫోను, తోడికోడలి ఫోను, మరిది టీవీ, ఇంకా ఏవేవో. అన్నిటి పక్కనా గడి ఖాళీగా ఉంది. నా కొత్త లాప్‌టాప్ పేరు పక్కన మాత్రం చిన్న అంకె ఒకటి ఉంది. నా ఫోను పక్కన కూడా. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి, ఇది ఎవరు పెట్టారని అడిగింది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఈ రెండిటికీ ఇంతకు మించి నెట్టు పోకుండా ఎవరో కట్టేశారు, లైనులో ఏ తప్పూ లేదు అని. అంకె తీసేసి వేగం చూపించింది. నేను ఆ ఇంట్లో ఎప్పుడూ చూడనంత వేగం. మళ్ళీ ఆ అంకె పెట్టమన్నాను. పెట్టింది. పడిపోయింది. మళ్ళీ తియ్యమన్నాను. మూడోసారి అడిగేసరికి ఆమె నా చెయ్యి పట్టుకుంది. కాఫీ కలుపుతానంటే బస్సు టైమయిందని లేచింది. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది, ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక లాప్‌టాప్ తెచ్చి ఎదురుగా పెట్టాను. బుకాయిస్తాడనుకున్నాను. నీళ్ళు నములుతాడనుకున్నాను. ఏమీ లేదు. అంగట్లో కొనేవాడికి వాల్వు గురించి వివరించినంత నిదానంగా చెప్పాడు. నేను క్లాసులు మొదలుపెట్టిన రెండో వారంలోనే బావగారు పిలిచి, సాయంత్రాలు నీ భార్య లాగేస్తాంది, నా ఫోనులో ఏమీ రాలేదు అన్నాడట. ఎట్లా తగ్గించాలో కేబులాయన చూపించాడట.

"పూర్తిగా మూయలేదు కదా. కొంచెం తిప్పితి, అంతే" అన్నాడు.

"సాయంత్రం వంతు మనది కదా" అన్నాను.

"వంతు నాది. నా వంతులో అన్నకు కొంచెం ఇడిస్తి. నీకంటూ వంతు యాడిది?"

కోపంతో అన్న మాట కాదది. నన్ను బాధపెట్టాలనీ అనలేదు. బావి దగ్గర ఎప్పటినుంచో ఉన్న సంగతి గుర్తుచేసినట్టు అన్నాడు. వంతులు అన్నదమ్ములవి. కోడళ్ళ పేరు మీద ఏ రోజూ లేదు, ఏ పూటా లేదు. నేను ఆ పదకొండు నెలలూ నా వంతు అనుకుని కూర్చున్నది నాది కాదు.

కొత్త లాప్‌టాప్‌కూ పెట్టావా అన్నాను. పెట్టాల్సొచ్చింది, అన్న మళ్ళీ అడిగినాడు అన్నాడు. కొత్త డబ్బాకు? దానికీ అంతే. నా గాజులు బ్యాంకులో ఉన్నాయని నీకు తెలీదా అంటే తలొంచుకున్నాడు. అన్నిటికంటే నాకు అర్థం కానిది ఒకటుంది, అది అడిగాను. ఆ ఆదివారం నేను గోడ మీద తూట్లు పొడుస్తుంటే, ఏమీ తెలీనట్టు కింద నిచ్చెన ఎందుకు పట్టుకున్నావు?

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు.

"నువ్వు పడిపోతావని పట్టుకుంటి" అన్నాడు.

ఆ మాటకు నాకు వచ్చినంత కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు. అబద్ధమైతే బాగుండేది, తిట్టి ఊరుకునేదాన్ని. అది నిజం. నేను పడిపోకూడదని నిచ్చెన పట్టుకున్న చెయ్యి అదే, నా పని పడిపోయేలా ఆ అంకె వేసిన చెయ్యీ అదే. ఆ రెండూ ఒక మనిషిలో పక్కపక్కనే ఎలా ఉన్నాయో నేను ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున మామగారి దగ్గరికి వెళ్ళాను. వంతులు వేసిన మనిషి కదా, న్యాయం చెబుతాడనుకున్నాను. అంతా విన్నారు. నాకు ఎంత నష్టమో కూడా అర్థమైనట్టే ఉంది, మధ్యలో అయ్యో అన్నారు. చివరికి ఎవరి వంతులో తగ్గించినాడని అడిగారు. మీ నడిపి కొడుకు వంతులోనే అన్నాను. "మల్ల వాని వంతు వాని ఇష్టం కదమ్మా" అన్నారు. ఆయన ఆ నెల మా ఇంట్లోనే తింటున్నారు. మధ్యాహ్నం ఎప్పటిలాగే రాగిసంగటి పెట్టాను. కారం ఎక్కువేశానని అన్నారు. నిజమే, వేశాను.

అంకె తీసేశాను. తాళం నంబరు మార్చేశాను. బావగారు ఫోను పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగాడు. ఆ రోజు నుంచి క్లాసులు ఒక్కసారి కూడా తెగలేదు. మేడమ్, ఈ రోజు చాలా క్లియర్‌గా ఉన్నారు అని పిల్లలు సంబరపడ్డారు. కంపెనీ మెసేజ్ అప్పటికే వచ్చేసింది. ఆ వారం చివరికి నా బ్యాచి ఇంకొక టీచరుకు ఇస్తున్నారు. సూపర్‌వైజరుకు ఫోను చేసి, ఇప్పుడు బాగయింది, ఒక్క నెల చూడండి అని బతిమాలాను. ఏమిటి మేడమ్ సమస్య అని అడిగింది. రౌటరులో ఏదో సెట్టింగు అన్నాను. ఇంతకు ముందే చూసుకోవాల్సింది కదా అంది. అవును, చూసుకోవాల్సింది అన్నాను. ఇంటి మనిషి పరువు కాపాడడానికి ఆ మాట ఎందుకన్నానో నాకు తెలీదు. అలవాటు, అంతే. ఆఖరి క్లాసులో గోళం ఘనపరిమాణం చెప్పాను, అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు మేం కుప్పంలో ఉన్నాం. ఆయన అంగడి ఇక్కడ ఇంకొకటి తెరిచాడు. నేను రానంటానని భయపడ్డాడేమో, అద్దెకు ఇల్లు చూడగానే ముందు నెట్టు పెట్టించాడు. మా ఇద్దరికే, ఇంకెవరూ లేరు. దాని తాళం నంబరు ఒక చీటీ మీద రాసి నా చేతికిచ్చి, నువ్వే మార్చుకో, నేను ముట్టను అన్నాడు. క్షమించమని నోటితో అడగడం వాళ్ళింట్లో ఎవరికీ రాదు, ఆయన వరకూ అదే పెద్ద మాట. తీసుకున్నాను. ఇప్పుడు నా దగ్గర సొంతంగా ట్యూషన్ చెప్పించుకునే పిల్లలు ఆరుగురున్నారు, ఒకరిని చూసి ఒకరు వచ్చారు. ఆ కంపెనీ మళ్ళీ పిలవలేదు. నేను మూడు సార్లు అప్లై చేశాను, నా పాత మార్కు వాళ్ళ దగ్గర అలాగే ఉంది.

ఇక్కడ నెట్టు బాగా వస్తుంది. అయినా రోజూ క్లాసుకు పది నిమిషాల ముందు ఆ పేజీ తెరుస్తాను. మూడే పేర్లుంటాయి. నా లాప్‌టాప్, నా ఫోను, ఆయన ఫోను. మూడింటి పక్కనా గడులు ఖాళీగా ఉంటాయి. తాళం నాకు తప్ప ఎవరికీ తెలీదు, కాబట్టి ఖాళీగానే ఉంటాయని నాకు తెలుసు. చూడకుండా క్లాసు మొదలుపెడితే మాత్రం నోట మాట రాదు. రెండు సార్లు ప్రయత్నించాను, పిల్లలు కాస్త కదలకుండా కూర్చున్నా తెగిపోయిందనుకుని చెమటలు పట్టాయి.

మొన్న ఆయన అంగడి నుంచి తొందరగా వచ్చాడు. నేను పేజీ చూస్తుంటే ఎప్పుడొచ్చి వెనకాల నిలబడ్డాడో గమనించలేదు.

"ఇంకా సూస్తాండావా" అన్నాడు.

"సూస్తాండా."

"ఈడ నేనేం ముట్టలేదే."

"తెలుసు."

"మల్ల యాల సూసేది?"

నేను వెనక్కి తిరగలేదు. పేజీ మూసి క్లాసు తెరిచాను. పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. తెర మీద నా ముఖం పక్కన ఆయన చొక్కా, చొక్కా జేబులో పెన్ను కనబడుతున్నాయి. కెమెరాలో పడతాండావు, పక్కకు జరుగు అన్నాను. జరిగాడు. క్లాసు అయ్యేదాకా గోడ పక్కనే నిలబడి ఉన్నాడు, నేను కూర్చోమనలేదు.